గడప దాటిన కోడి

ఆఫీసులో ఆయన్ని అందరూ ముద్రల బాబాయి అంటారు. ఇంట్లో మాత్రం ఆ పూట ఆయన ఎవరిని ఎంత విసిగించాడన్నదాన్నిబట్టి రకరకాలుగా అంటారు.

ముద్రలంటే వేలిముద్రలు కావు. కంప్యూటరు ఫైళ్ళకి ముద్రలు తీయడం ఆయన పని. కొట్లో అమ్మే ప్రోగ్రాము ఏదైనా సరే, ఉత్తరాలు రాసుకునేది, బొమ్మలు గీసుకునేది, పేకాట ఆడుకునేది, ఒక్కో కాపీ ఆ ఆఫీసుకి వస్తుంది. బాబాయి అట్టపెట్టె విప్పి, డిస్కు తీసి, అందులో ఉన్న ప్రతి ఫైలునీ ఒక లెక్కల మరలో పోస్తాడు. పిండిమరలో గింజలు పోస్తే పిండి వచ్చినట్టు, అటువైపు నుంచి అక్షరాలూ అంకెలూ కలిసిన వరస ఒకటి బయటికి వస్తుంది. ఫైలు ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా ఆ వరస పొడవు ఒకటే. పిండిలోంచి గింజల్ని మళ్ళీ తీయలేనట్టే, ఆ వరసలోంచి ఫైలుని తిరిగి తీయడం ఎవరి తరమూ కాదు. అయితే అదే ఫైలుని ఎక్కడ, ఎన్నిసార్లు పోసినా అదే వరస వస్తుంది. లోపల ఒక్క చుక్క మారిందా, వరస మొత్తం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఆ వరసకే వాళ్ళు ముద్ర అని పేరు పెట్టుకున్నారు.

ఈ గొడవంతా పక్క గది కోసం. తగాదాల్లో ఇరుక్కున్న కంప్యూటర్లు ఆ గదికి వస్తాయి. ఒక్కోదాంట్లో లక్షల ఫైళ్ళుంటాయి, వాటిలో చాలా భాగం అందరి కంప్యూటర్లలోనూ ఉండేవే. బాబాయి పోగేసిన ముద్రలతో పోల్చి, తెలిసిన ఫైళ్ళన్నిటినీ పక్కకి నెట్టేస్తే, చివరికి ఆ మనిషి సొంత ఫైళ్ళు మిగులుతాయి. పరీక్షలు చేసే అమ్మాయి వాటిని మాత్రమే తెరుస్తుంది. తెలిసిన ఫైలుని మళ్ళీ తెరిచి చూడటమనేది ఆ ఆఫీసులో లేదు.

"పేరుదేముందమ్మా? ఎవడైనా ఏ పేరైనా పెట్టుకుంటాడు. ముద్ర చూడు, ముద్ర!" అని బాబాయి ఆ అమ్మాయికి రోజూ చెబుతాడు. ఆ అమ్మాయి రోజూ బుద్ధిగా తలూపి, ఆయన అటు తిరగ్గానే నవ్వుకుంటుంది.

ఆఫీసులో చెప్పి ఊరుకుంటే బాగానే ఉండేది. ఆ జబ్బు ఇంటికి కూడా వచ్చింది. ఒకసారి బావమరిది మీసం తీయించుకుని అక్క ఇంటికి వచ్చాడు. బాబాయి తలుపు సగం తీసి, కళ్ళజోడు సర్దుకుని, "మా బావమరిదికి మీసం ఉంటుంది" అన్నాడు.

"బావా, నేనే! తీయించేశా!"

"తీయించేస్తే మారినట్టే కదా. కొంచెం మారినా మొత్తం మారినట్టే. మీ అక్క చిన్నప్పుడు నిన్ను ఏ పేరుతో ఏడిపించేదో చెప్పు."

ఆ పేరు వీధిలో నిలబడి చెప్పుకునేది కాదు. ఆ బావమరిది అటు చూసి ఇటు చూసి గుటకలు మింగుతుంటే, అక్క లోపలినుంచి వచ్చి మొగుణ్ణి పక్కకి తోసి తమ్ముణ్ణి లోపలికి లాక్కుపోయింది. ఆ తరవాత ఆవిడ మొగుడితో అవసరానికి మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. చాలా రోజులే పట్టింది ఆ కోపం తీరడానికి.

ఇంత పట్టుదల ఉన్న మనిషికి ఒక బలహీనత ఉండితీరాలి. బాబాయి బలహీనత ఒక కోడి.

కుర్రతనంలో, కంప్యూటర్లు అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తున్న రోజుల్లో, ఆయన సొంతంగా ఒక ప్రోగ్రాము రాశాడు. మీట నొక్కితే తెరకి ఎడంపక్కనుంచి ఒక కోడి నడుచుకుంటూ వస్తుంది. సరిగ్గా మధ్యకి వచ్చి ఆగి, అటూ ఇటూ చూసి, ఒక గుడ్డు పెడుతుంది. గుడ్డు కింద "మీ బావగారి కానుక" అని వంకర అక్షరాలు వెలుగుతాయి. మరదలి పెళ్ళికి వచ్చినవాళ్ళకి పంచడానికి రాశాడు కాబట్టి అలా పెట్టాడు. ఆ తరవాత కోడి కుడివైపు అంచుదాకా నడిచి ఆగిపోతుంది. కోడితోపాటు కంప్యూటరు కూడా ఆగిపోతుంది. ఇక ఏ మీట నొక్కినా ఉలకదు పలకదు, ప్లగ్గు పీకాల్సిందే. అదేమిటని ఎవరైనా అడిగితే, "విశ్రాంతి తీసుకుంటోంది" అనేవాడు బాబాయి. గుడ్డు పెట్టిన కోడికి ఆ మాత్రం విశ్రాంతి ఉండొద్దా అని ఎదురు అడిగేవాడు కూడా.

పెళ్ళిలో రంగుకాగితాలు చుట్టి మరీ డిస్కులు పంచిపెట్టాడు. పుచ్చుకున్నవాళ్ళ దగ్గర కంప్యూటరుంటే కదా! ఒకరు దాన్ని మంచినీళ్ళ గ్లాసు మీద మూతగా వాడారు. ఇంకొకరు ఊగే బల్ల కాలి కింద పెట్టారు. మామగారు దానితో చాలాకాలం ఈగలు తోలుకున్నారు. కోడి నడిచిందని, గుడ్డు పెట్టిందని, బాగుందని ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. బాబాయి ఆ సంగతి నవ్వుతూనే చెబుతాడు గానీ, చెప్పిన ప్రతిసారీ చివర్లో "గుడ్డు బాగానే పెట్టేది" అని కలుపుతాడు.

ప్రపంచంలో ఎవరెవరో రాసిన ప్రోగ్రాములకి ముద్రలు తీస్తూ తల నెరిసిపోయింది. ఆఖరికి గోడ మీద బల్లి పాకే ప్రోగ్రాముకి కూడా ఆ తెలిసినవాటిలో చోటు దొరికింది. తన కోడికి మాత్రం దొరకలేదు. దానికి అడ్డం పడిన రూలు పెట్టింది ఎవరయ్యా అంటే, స్వయంగా బాబాయే. అప్పట్లో పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ళు తమ మేనల్లుళ్ళు రాసిన ప్రోగ్రాములు తెచ్చి చేర్చుకోమని పీక్కుతినేవాళ్ళు. వాళ్ళ బాధ పడలేక, రాసినవాడి గడప దాటి, పరాయివాళ్ళ దగ్గర వాడుకలో ఉన్నట్టు తేలితేనే చేర్చుకుంటాం అని ఆయన ఒక రూలు పెట్టించాడు. మేనల్లుళ్ళ బెడద వదిలింది, కోడి కూడా బయటే ఉండిపోయింది.

నెలాఖరుకి ఆయన రిటైర్మెంటు. ఆఫీసరమ్మ పిలిచి, "బాబాయి గారూ, ఇన్నేళ్ళు చేశారు. పోయేముందు మీకేం కావాలో అడగండి" అంది.

"నా కోడిని చేర్చుకోండి" అన్నాడాయన. అని తడబడి, "రూలు ప్రకారమే" అని కలిపాడు.

"రూలు ప్రకారమైతే ఎవరైనా వాడుతుండాలి కదండీ" అంది ఆవిడ. ఆవిడకి నిజంగానే బాధేసింది. ఇంకేదైనా అడగమంది. బాబాయి ఏమీ వద్దని లేచి వచ్చేశాడు.

సరిగ్గా ఆ వారంలోనే ఒక టైపు స్కూలు కంప్యూటరు వచ్చింది. స్కూలు నడిపే టీచరమ్మ తన పాఠాల ప్రోగ్రాముని దొంగిలించిందని ఎదురు వీధిలో ఇంకో టైపు స్కూలాయన గొడవ పెట్టుకున్నాడు. పరీక్షల అమ్మాయి తెలిసిన ఫైళ్ళన్నీ నెట్టేసి మిగిలినవి చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి కెవ్వుమంది.

"బాబాయ్! మీ కోడి! బాబాయ్, పరిగెత్తండి!"

బాబాయి పరిగెత్తాడు. ఒక కాలికి చెప్పుంది, రెండోది బల్ల కిందే ఉండిపోయింది. తెర మీద ఎడంపక్కనుంచి కోడి వస్తోంది. అదే నడక, అదే కొంకి ముక్కు. మధ్యకి వచ్చింది, ఆగింది, అటూ ఇటూ చూసింది. గుడ్డు పెట్టింది. "మీ బావగారి కానుక" అని వంకర అక్షరాలు వెలిగాయి. బాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆఫీసరమ్మ కూడా వచ్చి వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. కోడి కుడివైపు అడుగు వేసింది.

"ఆపెయ్! ఆపెయ్యమ్మా!" అని బాబాయి కంగారుగా అరిచాడు. "అంచుదాకా పోనివ్వకు. ఇక దానికి విశ్రాంతి వేళ."

అంతమంది ముందు తన కోడి కంప్యూటరుతో సహా ఆగిపోవడం ఆయనకి ఇష్టం లేదు. అమ్మాయి గబుక్కున ఆపేసింది. ఆ ఒక్క ఆపడమే ఎంత పని చేసిందో అప్పుడు ఎవరికీ తెలీదు.

"ఇంకేం, పరాయివాళ్ళ దగ్గర దొరికిందిగా! ఎక్కించేయండి" అంది ఆఫీసరమ్మ.

"ముద్ర చూద్దాం ముందు" అన్నాడు బాబాయి. అలవాటు కొద్దీ అన్నాడు, అనుమానం ఉండి కాదు. తన కోడి ముద్ర ఆయనకి కంఠతా వచ్చు. కళ్ళు మూసుకుని మొదటి అక్షరం నోట్లో సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాడు. మర తిరిగింది, వరస వచ్చింది. అమ్మాయి చదవలేదు. బాబాయి కళ్ళు తెరిచి చూశాడు. మొదటి అక్షరమే వేరు. రెండోదీ వేరు. చివరిదాకా వేరే.

"నాది కాదు" అన్నాడు.

"అదేంటి బాబాయ్! బావగారి కానుక అని రాసుందిగా!"

"లోకంలో బావగార్లకేం కరువమ్మా?"

"నడక మీ కోడిదే కదా?" అంది ఆఫీసరమ్మ బతిమాలుతున్నట్టుగా.

"నడక చూసి మోసపోకూడదండీ" అన్నాడు బాబాయి. రెండో చెప్పు వెతుక్కునే ఓపిక కూడా లేక, అలాగే ఒక కాలి చెప్పుతో తన గదికి వెళ్ళి కూర్చున్నాడు.

సాయంత్రం ఇంటికెళ్ళి పెళ్ళానికి జరిగింది చెప్పాడు. ఆవిడ వింటూనే చేతిలో గరిట కింద పెట్టింది.

"ఏమండీ, మీ కోడిని మీరు కాదంటే ఇంకెవరు అవునంటారు? ముద్రలు ఎక్కించేది మీరే కదా. రేపు వెళ్ళి మీ దగ్గరున్న కోడినే అక్కడ దొరికిందని ఎక్కించేయండి. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తాగా."

"మీరు చూడకండి! అటు తిరిగి ఎక్కించండి!"

"అది దొంగముద్ర అవుతుందే."

ఆవిడకి ఒళ్ళు మండింది. "మా తమ్ముణ్ణి మీసం లేదని గుమ్మంలో నిలబెట్టారు. ఇవాళ మీ కోడిని కూడా నిలబెట్టారు. రేపు నేను జుట్టు కత్తిరించుకుంటే నన్నూ నిలబెడతారు. ఇంతకీ నేను మీ పెళ్ళాన్నేనా? ఏదీ, ముద్ర చూసుకోండి!" అని చెయ్యి చాపింది. అరిచినంతసేపు అరిచి, ఆయన ముఖం చూసి, వచ్చి పక్కన కూర్చుంది. ఆయన కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఉన్నాడు. ఆ కోడి ఆయనకి ఎంతదో ఆవిడకి తెలుసు. పెళ్ళిలో రంగుకాగితాలు చుట్టింది ఆవిడే.

మర్నాడు ఆఫీసులో ఎవరూ లేనప్పుడు బాబాయి ఆ ముద్రలు ఎక్కించే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మొదటి అక్షరం కొట్టాడు కూడా. కొట్టి, దాన్ని చూసి, ఎవరో వెనకనుంచి చెవి పట్టుకున్నట్టు ఉలిక్కిపడి చెరిపేశాడు. పెళ్ళాం చెప్పినట్టు అటు తిరిగి కూడా ప్రయత్నించాడు. అటు తిరిగితే మీటలు కనబడలేదు.

ఆ మధ్యాహ్నం టైపు టీచరమ్మని విచారణకి పిలిపించారు. బక్కపలచగా, చీపురుపుల్లలా ఉంది గానీ మాట మాత్రం గంట కొట్టినట్టుంటుంది. దొంగతనం మాట ఎత్తగానే ఒంటికాలి మీద లేచింది. ఎదురు వీధాయన పాఠాల్లో తప్పులున్నాయని, వాటిని దొంగిలించాల్సిన ఖర్మ తనకి పట్టలేదని దులిపేసింది. అంతలో ఆవిడ చూపు తెర మీద పడింది. గుడ్డు పక్కన కోడి ఆగి ఉంది.

"దాన్నెందుకు అలా ఆపేశారు? పాపం, తలుపు దాకా పోనివ్వండి."

"తలుపా?" అన్నాడు బాబాయి. "ఏం తలుపు?"

ఆవిడే మీట నొక్కింది. కోడి కుడివైపుకి నడిచింది. అంచు దగ్గరపడుతుంటే బాబాయి ప్లగ్గు వైపు చెయ్యి చాపాడు. అంచులో చిన్న తలుపొకటి తెరుచుకుంది. కోడి తల వంచి గడప దాటి బయటికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. కంప్యూటరు ఆగలేదు.

బాబాయి ముఖం ఎర్రబడింది. "ఎవరు పెట్టమన్నారండీ దానికి తలుపు?"

"ఎవరో చెప్పాలా? నా పిల్లలు ఒక వరస తప్పుల్లేకుండా కొడితే బహుమతిగా కోడి వచ్చేట్టు మా పాఠంలో పెట్టాను. గుడ్డు పెట్టిందని వాళ్ళు సంబరపడేలోపు అది గోడకి కొట్టుకుని చచ్చినట్టు నిలబడేది. ప్లగ్గు పీకితే ఆ పూట పాఠం అంతా పోయేది. చూసి చూసి, ప్రోగ్రాము లోపలి వరసలు విప్పి, నేర్చుకుని, కిందామీదా పడి తలుపు పెట్టాను. ఇంతకీ మీకెందుకు అంత కోపం?"

"ఆ కోడి నాది."

టీచరమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మీరేనా బావగారు! ఏమండీ, కోడిని గోడకేసి కొట్టించే బుద్ధి ఎలా పుట్టిందండీ మీకు?"

"అది విశ్రాంతి!"

"విశ్రాంతి కాదండీ. ఇరుక్కుపోవడం."

గదిలో అందరూ బాబాయి వైపు చూశారు. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇరుక్కుపోవడమే" అన్నాడు చివరికి, ఎవరికీ వినపడనంత చిన్నగా. అందరికీ వినపడింది.

అప్పుడు పరీక్షల అమ్మాయికి వెలిగింది. "అయితే తలుపు పెట్టబట్టే ముద్ర మారింది! టీచరమ్మగారూ, తలుపు పెట్టకముందుది మీ దగ్గరుందా?"

"ఎందుకు లేదు? పాడుచేస్తానేమోనని భయపడి అసలు డిస్కుని ముట్టుకోకుండా దాచాను. వీరి మరదలూ నేనూ ఒకే బెంచీ మీద టైపు నేర్చుకున్నాం. పెళ్ళిలో ఇచ్చారు, రంగుకాగితం చుట్టి."

ఆ సాయంత్రమే ఆవిడ డిస్కు తెచ్చింది. బాబాయి దాన్ని వేలితో కూడా తాకలేదు. తనది తానే తూచుకోకూడదని అమ్మాయినే పోయమన్నాడు. మర తిరిగింది. బాబాయి కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్కో అక్షరం కంఠతా చెబుతుంటే, అమ్మాయి తెర మీద వేలు జరుపుతూ ఊఁ కొడుతూ పోయింది. సగం నుంచి టీచరమ్మ, ఆఫీసరమ్మ కూడా ఊఁ కొట్టారు. చివరి అంకె చెప్పాడు.

"ఊఁ!" అని అమ్మాయి కుర్చీలోంచి ఎగిరింది.

బాబాయి ముందు నవ్వాడు, తరవాత ఏడ్చాడు, తరవాత రెండూ కలిపి చేశాడు. ఇన్నేళ్ళూ ఒకావిడ తన కోడిని వాడుకుంది, తిట్టుకుంది, బాగుచేసింది, చిన్న చుక్క కూడా చెదరకుండా దాచింది. ఎక్కించేటప్పుడు ఒకదానికి బదులు రెండు ఎక్కించాడు: విశ్రాంతి కోడి, తలుపు కోడి. మొదటిదాన్ని ఇరుక్కునే కోడి అనాలని టీచరమ్మ పేచీ పెట్టింది గానీ, రిటైరయ్యే మనిషని వదిలేసింది.

ఎదురు వీధాయన ఫైలు ఒక్కటి కూడా ఆవిడ దగ్గర లేదని తేలింది. కంప్యూటరు తిరిగి ఇచ్చేముందు ఇంకొక్కసారి జల్లెడ పట్టాలని రూలు. ఈసారి బాబాయి దగ్గరే కుర్చీ వేసుక్కూర్చున్నాడు. తెలిసినవన్నీ వెళ్ళిపోయి మిగిలినవి తెర మీదకి వచ్చాయి. కోడి లేదు.

"ఏదమ్మా?"

"తెలిసినవాటిలోకి వెళ్ళిపోయింది కదా బాబాయ్" అంది అమ్మాయి. "ఇక కనిపించదు. రేపు ఎవరి కంప్యూటర్లో దొరికినా అది పక్కకి పోతుంది. మేం తెరవం."

ఈ సంగతి బాబాయికి తెలియక కాదు, ఆ పద్ధతి నడిపిందే ఆయన. కోడి విషయంలో మాత్రం ఎప్పుడూ అంతదూరం ఆలోచించలేదు. "ఒక్కసారి వెనక్కి పిలువు" అన్నాడు.

"రూలు ఒప్పుకోదు" అంది అమ్మాయి. ఆ అమ్మాయికి కూడా కళ్ళు చెమర్చాయి.

కంప్యూటరు తీసుకెళ్ళడానికి టీచరమ్మ వచ్చినప్పుడు ఆయన మొహమాటపడుతూనే, స్కూలుకి వచ్చి కోడిని చూడొచ్చా అని అడిగాడు. "రండి. ఒక వరస తప్పుల్లేకుండా కొడితే చూస్తారు" అంది ఆవిడ.

బాబాయి ముఖం వాడిపోయింది. జీవితమంతా రెండు వేళ్ళతో కొట్టిన మనిషి ఆయన.

రిటైరైన మర్నాడే టైపు స్కూల్లో చేరాడు. పక్క కుర్చీలో గుమాస్తా పరీక్షకి తయారవుతున్న ఒకావిడ టకటకా కొట్టేస్తుండేది. ఆవిడ తెర మీద అస్తమానూ కోడి వస్తుండేది. బాబాయి పక్కకి తొంగిచూడబోతే టీచరమ్మ గరిటంత స్కేలుతో బల్ల మీద కొట్టి, "ఎవరి కోడి వాళ్ళది!" అనేది. పది వేళ్ళు పెట్టడం ఆయనకి కొరకరాని కొయ్యగా తయారైంది. ఒక్కోసారి వరస చివరిదాకా బాగా వచ్చి, ఆఖరి చుక్క పెట్టబోయి పక్క మీట నొక్కేవాడు. రాసింది తానేనన్న గౌరవానికైనా ఒకసారి చూపించమని బతిమాలితే, "రాశారు సరే, కొట్టారా?" అనేది టీచరమ్మ. ఇంటికి వెళ్ళి భోజనాల బల్ల మీద పది వేళ్ళూ ఆడిస్తూ కూర్చునేవాడు. పెళ్ళాం పక్కన కూర్చుని తప్పులు పట్టేది.

వేసవి వచ్చి పోయింది. ఒకరోజు ఆయన వరస పూర్తి చేసి, తప్పు ఎక్కడుందో అని వెతుకుతున్నాడు. ఎడంపక్క ఏదో కదిలింది.

కోడి వచ్చింది. మధ్యలో ఆగింది, అటూ ఇటూ చూసింది, గుడ్డు పెట్టింది. కుడివైపుకి నడిచింది. తలుపు తెరుచుకుంది, తల వంచి వెళ్ళిపోయింది. బాబాయి పక్కకి తిరిగి, "అది నా కోడండీ" అన్నాడు.

"అవునండీ, మీదే" అంది గుమాస్తా పరీక్షావిడ, కొట్టడం ఆపకుండానే. "నాది పొద్దున్నే వెళ్ళింది."